ఖాళీ ఇంటి చెమ్మ

అక్టోబరులో ఒక ఆదివారం ఉదయం పదిన్నర. బయట వాన. తొమ్మిదో అంతస్తులో 906 నంబరు ఇంటి హాల్లో డాక్టర్ మృణాళిని కుర్చీ ఎక్కి నిలబడి, గోడకు డ్రిల్లుతో చిన్న రంధ్రం చేసింది. డ్రిల్లు వెనక్కి లాగితే పొడి రాలాలి. రాలలేదు. నానిన అటుకుల్లాంటి ముద్ద వచ్చి ఆమె వేలికి అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. తడిసిన గోనెసంచి వాసన.

"పైనుంచి కారింది కాదు. లోపల్నుంచే తడిసింది," అంది.

కుర్చీ కదలకుండా పట్టుకుని నిలబడ్డ నూకరత్నానికి అది కొత్త సంగతి కాదు. ఆ మాట చెప్పడానికి సైంటిస్టు రానక్కర్లేదు. రెండు నెలలుగా ఆ గోడను వారానికి రెండుసార్లు వెనిగర్ గుడ్డతో తుడుస్తున్నది తనే. మంగళవారం తుడిస్తే శుక్రవారానికి మళ్లీ నల్లచుక్కలు, ఎవరో ఆవాలు చల్లి పోయినట్టు.

సోఫాలో కూర్చున్న గౌరునాయుడు దగ్గాడు. అతను రత్నం భర్త. పోర్టు ఆఫీసులో సరుకుల విభాగం. దగ్గు ఆగాక ఇన్‌హేలర్ నోట్లో పెట్టుకుని రెండుసార్లు పీల్చి, తన వంతు సాక్ష్యం అయిపోయినట్టు దాన్ని జేబులో వేసుకున్నాడు.

ఈ నగరం సంగతి తెలియనివారికి కొంచెం చెప్పాలి. విశాఖపట్నంలో వానాకాలం జూన్‌లో మొదలై జనవరి దాకా సాగడం అలవాటై పన్నెండేళ్లు దాటింది. తక్కిన నాలుగు నెలలూ ఎండాకాలం అనుకోవడానికి లేదు, ఉక్కపోత. సిమెంటు మీద ఆంక్షలు వచ్చాక భీమిలి వైపు కొండవాలు పొడుగునా లేచిన కొత్త టవర్లన్నీ ఊకగోడలవే. వరి ఊక, సున్నం, ఒకరకం జిగురు కలిపి అచ్చు పోసిన పలకలవి. తేలికగా ఉంటాయి, చల్లగా ఉంటాయి. ఒకటే చిక్కు. మరీ ఎండితే పగులుతాయి, మరీ తడిస్తే బూజు పడతాయి. సముద్రపు గాలి లోపలికి రాకుండా కిటికీలు బిగించేశారు కనుక ఇంట్లో పుట్టిన ఆవిరి ఇంట్లోనే తిరుగుతుంది.

అందుకని మృణాళిని ఒక యంత్రం కనిపెట్టింది. కంపెనీవాళ్లు దానికి పలకడానికి ఊపిరి చాలని పేరేదో పెట్టారు. జనం చెమ్మపెట్టె అన్నారు, అదే నిలిచింది.

చెమ్మపెట్టె వంటింటి మూల, బీరువాలో సగమంత ఉంటుంది. ప్రతి గోడ మీదా గాలిలో తేమ కొలిచే చొక్కా గుండీలంత సెన్సర్లు, లోపల వెంట్రుకలంత సన్నని గొట్టాలు ఉంటాయి. గాలిలో తేమ ఎక్కువైతే పెట్టె దాన్ని లాగి నీరుగా మార్చి తన తొట్టిలో దాచుకుంటుంది. గోడ ఎండిపోతోందని తోస్తే ఆ నీటినే గొట్టాల ద్వారా గోడకు తాగిస్తుంది. గోడ ఎండుతోందని దానికెలా తెలుస్తుందన్నది అసలు ప్రశ్న. మృణాళిని కిటుకంతా అక్కడే ఉంది. ఇంట్లో మనిషనేవాడు లేకపోయినా గోడ తనంతట తను కొంత చెమ్మ వదులుతుంది. ఏ గోడ ఎంత వదులుతుందో గాలిని బట్టి, అంతస్తును బట్టి మారుతుంది. కాబట్టి పెట్టె మొదటి నలభై రోజులు ఇల్లు ఖాళీగా ఉండే వేళల్లో గాలిలోంచి తను లాగిన నీటిని కొలుచుకుంటుంది. మనుషులు లేరు కనుక ఆ చెమ్మంతా గోడలది. అదే ఆ ఇంటి సహజ స్థితి. ఆ తరవాత రోజూ అదే వేళల్లో కొలుస్తుంది. అలవాటైనదానికంటే తగ్గిందంటే గోడలు ఎండుతున్నట్టు. తగ్గినంతా నింపుతుంది.

'మనుషులు లేనప్పుడు ఇల్లు ఎలా ఊపిరి తీస్తుందో మాకు తెలుసు' అని కంపెనీ కరపత్రం మీద అచ్చు వేశారు.

ఆరువందల ఇళ్లలో మూడేళ్లు ఒక్క మచ్చ లేకుండా గడిచింది. మృణాళినికి శాలువా కప్పారు. నాలుగో ఏడు ముప్ఫయ్యేడు ఇళ్లలో బూజు లేచింది. కంపెనీ మెకానిక్కులు గొట్టాలు కారుతున్నాయన్నారు. చూస్తే కారడం లేదు. పెట్టె పాడైందన్నారు. పాతదాని లెక్కలే కొత్తదానికి ఎక్కిస్తూ 906లో మూడు పెట్టెలు మార్చారు. మూడూ గోడల్ని శ్రద్ధగా తడిపాయి.

బూజు రత్నానికి మామూలు చికాకు కాదు. నాలుగు నెలల కింద ఆమె ఉద్యోగంలో చేరింది. ఉప్పునీటిని మంచినీరు చేసే కేంద్రంలో లాబ్ అసిస్టెంటు. బి.ఎస్సీ. కెమిస్ట్రీ పట్టా పుచ్చుకున్న పందొమ్మిదేళ్లకు దొరికిన మొదటి కుర్చీ. మొదటి ఆరు నెలలూ పరీక్షాకాలం. అందులో మూడు రోజులకు మించి సెలవు పెడితే ఇంటికి పంపేస్తారు. ఒకరోజు గోడలు చూడటానికి, ఒకరోజు భర్తను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి, రెండు రోజులు అయిపోయాయి. ఆసుపత్రి డాక్టరు ఇంట్లో బూజైనా పోవాలి, ఈయనైనా ఇల్లు వదలాలి అని చెప్పాడు. గౌరునాయుడు ఆ రాత్రి భోజనం దగ్గర నెమ్మదిగానే అన్నాడు, కసిరింది లేదు. ఉద్యోగం మళ్లీ దొరుకుతుంది, ఊపిరితిత్తులు దొరకవు కదా అన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏముంది? అదే రత్నానికి అలసట. అతను తప్పు మాట్లాడడు.

పక్కింటి సన్యాసమ్మ మాత్రం దాచుకోలేదు. ఆవిడకు డెబ్భై దాటాయి, లిఫ్టులో కనబడితే వదలదు. "నువ్వు నౌకరీకి పోయిన కాడ్నుంచి మీ గోడలు బెంగెట్టుకున్నాయే పిల్లా," అంటుంది. లిఫ్టులో ఉన్న తక్కినవాళ్లు నవ్వుతారు. రత్నం కూడా నవ్వుతుంది. తొమ్మిది అంతస్తులు నవ్వు మొహం పెట్టుకుని ఎక్కడం కష్టమే.

మృణాళిని కుర్చీ దిగి చేతులు కడుక్కుని భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. యాభై రెండేళ్ల మనిషి, పొద్దున్నే లేచిన దగ్గర్నుంచీ అలిసిపోయినట్టుండే కళ్లు. ఈ ఇంటి మొదటి నలభై రోజుల గ్రాఫ్ తీసింది. పది నుంచి ఐదింటి వరకు, ఏడు గంటల్లో, గోడలు వదిలిన చెమ్మ మూడున్నర లీటర్లు. లాబరేటరీలో అవే గోడలు పావు లీటరుకు మించి వదల్లేదు. సముద్రం పక్కనుంది కదా అని అప్పట్లో సరిపెట్టుకుంది.

"గోడ అంటే నిలకడగా వదలాలి. ఇదేమో మెట్లెక్కి దిగుతోంది," అని తనలో తను అనుకుంటున్నట్టు అంది. "పదకొండింటికి ఒక్కసారి ఎందుకు లేస్తుంది?"

రత్నం టీ గ్లాసులు పెట్టడానికి వంగింది. వంగినది వంగినట్టే తెర వైపు చూస్తూ ఉండిపోయింది.

"అది అన్నం, మేడమ్."

"ఏంటి?"

"పదకొండూ పదికి కుక్కర్ పెట్టేదాన్ని. మూడు కూతలు. ఇవి మూడూ అవే." ఆమె వేలు తెరకు తగలకుండా గీత వెంట నడిచింది. "ఇది ఇల్లు తుడవడం. పన్నెండున్నర నుంచి నిదానంగా దిగుతోంది చూడండి, అది బట్టలు. వానకి హాల్లోనే తాడు కట్టి ఆరేసేదాన్ని. మూడూ ఇరవైకి టీ. ఇదిగో ఇలా పొడుగ్గా లేచిన రోజు దుప్పట్లు ఉతికినట్టున్నాను."

గౌరునాయుడు కూడా లేచి వచ్చి వెనక నిలబడి గ్రాఫ్ చూశాడు. పందొమ్మిదేళ్లలో భార్య పగలు ఎలా ఉంటుందో అతను చూడటం ఇదే మొదలు. శ్రద్ధగానే చూశాడు.

"రెండు నుంచి మూడు దాకా చదునుగా ఉందేటి?" అన్నాడు.

"నడుం వాల్చేదాన్ని."

"రోజూనా?"

రత్నం టీ గ్లాసులు బల్ల మీద పెట్టింది. మృణాళిని అతని వైపు ఒకసారి చూసి, లాప్‌టాప్‌లో పాత కాగితాలు వెతికి ఒక ఫారం తీసింది. పెట్టె బిగించిన రోజు నింపింది. ఇల్లు ఖాళీగా ఉండే వేళలు: ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు.

"ఇది ఎవరు నింపారు?"

"నేనే మేడమ్. కుర్రాడొకడు వచ్చి అడిగాడు. ఈయన తొమ్మిదిన్నరకే ఆఫీసుకి పోతారు. మా అబ్బాయి విజయనగరంలో హాస్టల్. పదయ్యేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు కదా."

"మీరెక్కడ ఉండేవారు?"

"నేను ఇంట్లోనే."

అనేశాక ఆ మాట ఆమెకు వినబడింది.

ఇంటికొచ్చిన గ్యాసు మనిషికి, కరెంటు మనిషికి, ఓటర్ల లిస్టు పట్టుకుని వచ్చినవాళ్లకు, తలుపు జానెడు తెరిచి పందొమ్మిదేళ్లుగా ఆమె చెబుతున్నది ఒకటే మాట. ఇంట్లో ఎవరూ లేరండీ, సాయంత్రం రండి. ఆమె తల్లి అలాగే చెప్పేది. ఎదురింటావిడా అలాగే చెబుతుంది. వచ్చినవాళ్లు కూడా తలుపు సందులో నిలబడ్డ మనిషితో సరేనండీ అని, ఎవరూ లేని ఇంటినుంచి వెళ్లిపోతారు. ఫారం కుర్రాడూ రాసుకుని వెళ్లిపోయాడు.

మృణాళిని సంగతి విప్పి చెప్పింది. పెట్టె నలభై రోజులు రత్నం వంటను, చెమటను, తడిగుడ్డను, ఊపిరిని కొలిచి, ఇదంతా గోడలదే అని నేర్చుకుంది. ఆమె ఇంట్లో ఉన్నన్నాళ్లూ లెక్క సరిపోయింది. ఆమె ఉద్యోగానికి వెళ్లిన రోజున మూడున్నర లీటర్లు రావలసిన చోట పావు లీటరు వచ్చింది. గోడలు చచ్చిపోతున్నాయని పెట్టె కంగారుపడింది. తగ్గిన మూడుంబావు లీటర్లూ గోడలకు తాగించింది. మర్నాడు మళ్లీ అంతే. అలా నాలుగు నెలలు.

"మీ పక్కింటావిడ అన్నది నిజమే," అంది మృణాళిని. "పెట్టె మిమ్మల్ని గోడలో భాగం అనుకుంది."

"పెట్టెననడం ఎందుకు మేడమ్," అంది రత్నం. "రాసింది నేను."

ఆ రాత్రి తన ఇంట్లో మృణాళిని తన ఫారం తీసి చూసుకుంది. ఆమె యంత్రం మొదట పెట్టుకున్నది తన ఇంట్లోనే, ఇన్నేళ్లుగా అది తప్పు చేసి ఎరగదు. ఇల్లు ఖాళీగా ఉండే వేళలు: తొమ్మిది నుంచి ఆరు. ఆ తొమ్మిది గంటలూ ఆ ఇంట్లో దాలమ్మ అనే మనిషి వండి, ఉతికి, తుడిచి, సాయంత్రం తాళం చెవి చేతికిచ్చి పోతుంది. గ్రాఫ్ నిండా మెట్లు. ఫారం కింద సంతకం తనదే, ఏ కుర్రాడూ అడిగి రాసుకున్నది కాదు.

మర్నాడు ఆమె లెక్కలన్నీ ముందేసుకుంది. ఆరువందల ఇళ్లలో సగానికి పైగా ఇలాంటి గోడలే ఉన్నాయి, అన్నం వండే గోడలు. అక్కడ బూజు రాకపోవడానికి కారణం ఆ ఇళ్లలో ఆడవాళ్లు ఇంకా కదలకపోవడం. బూజు వచ్చిన ముప్ఫయ్యేడూ ఈ ఏడాది ఆడమనిషి బయట పనిలో చేరిన ఇళ్లు. ఒక్కటీ తప్పలేదు. తన వృత్తిలో ఇంత చక్కగా రుజువైన సిద్ధాంతం ఆమెకు ఇంతవరకు దొరకలేదు.

కంపెనీ మీటింగులో డైరెక్టరు నివేదిక పూర్తిగా చదివాడు. పెట్టెలకు మళ్లీ మొదటినుంచి నేర్పాలంటే ఇళ్లు నిజంగానే ఖాళీగా ఉండాలి, నలభై రోజుల పాటు పగలు ఒక్క మనిషీ ఉండకూడదు. ముప్ఫయ్యేడు ఇళ్లు ఎలాగూ ఖాళీయే, కానీ వాటికి చేస్తే తక్కిన మూడువందలకూ చెయ్యాలి, అక్కడి ఆడవాళ్లు ఎప్పుడైనా ఉద్యోగాల్లో చేరవచ్చు కదా అంది మృణాళిని. అంతమంది బయటికి వచ్చేస్తారని ఎందుకనుకోవాలండీ అన్నాడు డైరెక్టరు. చాలా మర్యాదగా అన్నాడు, అమ్మిన పెట్టెల లెక్కలు ఎవరూ ముట్టుకోకూడదని కూడా. ఫారంలో తప్పు రాసింది వాడకందారులు కనుక కంపెనీకి బాధ్యత లేదని వకీలు చెప్పాడు. వారం తిరిగేసరికి ఇంటింటికీ సర్క్యులర్ వచ్చింది. పది నుంచి ఐదు వరకు ఇంట్లో ఒకరు ఉండేలా, మామూలు ఇంటిపనులు జరిగేలా చూసుకోవడం గృహస్థుల బాధ్యత.

ఆ ఒకరు ఎవరన్నది అందులో రాయలేదు. రాయనందుకు ఏ ఇంట్లోనూ ఎవరూ తికమకపడలేదు. ఆ నెలలో ముప్ఫయ్యేడు మందిలో పదకొండుమంది ఉద్యోగాలు మానేశారు.

గౌరునాయుడు సర్క్యులర్ ఉన్న ఫోను తెచ్చి రత్నం కంచం పక్కన పెట్టాడు. ఆమె చదివి తలెత్తి చూసింది.

"నేనేం మానెయ్యమనలేదు. కాగితంలో ఏటుందో చూపించాను."

"మీ ఆఫీసులో వారానికి మూడు రోజులు ఇంటినుంచి చెయ్యనిస్తారు కదా," అంది రత్నం. "ఈ రెండు నెలలూ మీరుండండి. నా పరీక్షాకాలం గడిచిపోతుంది."

అతను ఆలోచించాడు. న్యాయంగా ఆలోచించే మనిషి. "నేనుంటే ఏటి లాభం రత్నం? చెమ్మ ఎక్కణ్నుంచి వస్తుంది? నేను వంట చెయ్యను, బట్టలుతకను. ఉత్తినే కూర్చున్న మనిషికి పావు లీటరు రాదని ఆ మేడమే చెప్పింది కదా," అన్నాడు. మళ్లీ తప్పు మాట్లాడలేదు. తరవాత దగ్గు తెర వచ్చి, వంగి బల్ల అంచు పట్టుకున్నాడు. అతని మెడమీద నరాలు పొంగడం రత్నం చూసింది. ఆ దగ్గు దొంగదగ్గయితే ఎంత బాగుండేదో అనిపించింది. అది నిజం దగ్గు.

ఆ రాత్రి ఆమె పడుకోలేదనలేం, పడుకుంది. పొద్దున లేచి అన్నం, కూర చేసి, వెనిగర్ గుడ్డతో గోడ తుడిచి, ఉద్యోగానికి వెళ్లింది. రాత్రి రాసిన రాజీనామా కాగితం సంచీలో ఉంది, తేదీ వెయ్యలేదు.

లాబ్‌లో ఆమె పని సముద్రపు నీటి నమూనాలను బీకర్లలో పోసి, హాట్‌ప్లేట్ మీద ఇగరబెట్టి, అడుగున మిగిలిన ఉప్పు తూచడం. నాలుగు నెలలుగా చేస్తోంది. ఎంత వేడి మీద ఎన్ని నీళ్లు ఎంతసేపటికి ఆవిరవుతాయో గడియారం చూడకుండా చెప్పగలదు. ఆ రోజు మూడో బీకర్ సగానికి దిగాక ఆమె దాన్నే చూస్తూ నిలబడింది. లీటరు నీళ్లు, ఈ వేడి మీద, రెండు గంటలు. తరవాత వరండాలోకి వెళ్లి మృణాళినికి ఫోన్ చేసింది.

"మేడమ్, ఆ మూడున్నర లీటర్లు నేనే ఇవ్వాలని లేదు కదా."

అవతల మృణాళిని నవ్వింది, ఎన్నాళ్లనుంచో వాడని తలుపు తెరిచినట్టు.

రత్నం ఇంట్లో ఒక పాత స్టీలు గుండిగ ఉంది. దాన్ని ఇండక్షన్ స్టవ్ మీద పెట్టి, ఆ స్టవ్‌కు మృణాళిని ఒక టైమర్ తగిలించింది. నలభై రోజుల గ్రాఫ్‌ను అందులోకి ఎక్కించింది. పదకొండూ పదికి స్టవ్ వేడి పెంచుతుంది, మూడు దఫాలుగా. పన్నెండున్నరకు తగ్గించి సన్నగా ఉంచుతుంది. మూడూ ఇరవైకి ఒక పొంగు. ఐదింటికి ఆగిపోతుంది. రెండు నుంచి మూడు వరకు చదునుగా ఉన్న గంటను కూడా సర్ది సమంగా చేద్దామా అని అడిగింది.

"వద్దు మేడమ్," అంది రత్నం. "ఆ గంట అలాగే ఉంచండి. దానికైనా ఉండనివ్వండి."

పెట్టె నమ్మింది. మూడో రోజుకే గోడలు సహజ స్థితిలో ఉన్నాయని గౌరునాయుడి ఫోనుకు కబురు పంపింది. నీళ్లు తాగించడం మానేసింది. మూడు వారాలకు గోడలు ఆరాయి. రత్నం ఆఖరిసారి వెనిగర్ గుడ్డ పెట్టి తుడిచాక ఆవగింజలు మళ్లీ మొలవలేదు. గౌరునాయుడి ఇన్‌హేలర్ జేబులోంచి సొరుగులోకి వెళ్లింది. తేదీ వెయ్యని కాగితాన్ని రత్నం రెండుగా చింపి, మరుగుతున్న గుండిగ చిల్లుల మూత ఎత్తడానికి మసిగుడ్డగా వాడుకుంది.

సన్యాసమ్మ ఈ వింత చూడటానికి వచ్చింది. మూత ఎత్తి లోపలికి చూసింది. "ఇది కూరొండదేటే?"

"వండదు పిన్నీ."

"గిన్నెలు తోమదా?"

"దాన్నే నేను తోమాలి."

"అయితే నువ్వు ఇంకా పనికొస్తావులే," అని మూత వేసింది.

నిజానికి గుండిగ రత్నానికి ఒక పని పెంచింది. తొమ్మిదింబావుకు దాన్ని నింపాలి, సాయంత్రం అడుగున పట్టిన తెల్లటి పొక్కు గీకాలి. గౌరునాయుడు మొదటి వారం తను నింపుతానని ముందుకొచ్చి రెండు రోజులు నింపాడు. ఆ తరవాత ఎవరూ ఏమీ అనుకోలేదు.

ముప్ఫయ్యేడు ఇళ్లలో ఇరవయ్యారు ఇళ్లవాళ్లు గుండిగలు పెట్టుకున్నారు. మానేసిన పదకొండుమందిలో ఇద్దరికి మాత్రమే ఉద్యోగాలు తిరిగి దొరికాయి. ఇది చూసిన కంపెనీ ఆర్నెల్లలో తెల్లటి పింగాణీ పాత్ర ఒకటి తయారు చేసి, గృహసహచరి అని పేరు పెట్టి అమ్మింది. డబ్బా మీద పట్టుచీర కట్టుకుని నవ్వుతున్న అమ్మాయి బొమ్మ వేశారు. మృణాళినిని ప్రారంభోత్సవానికి పిలిచారు. ఆమె వెళ్లింది. అంతకు ముందురోజు దాలమ్మకు ఒక తాళంచెవి చేయించి ఇచ్చింది, ఫారం దిద్దింది, తన ఇంటి పెట్టెకు మళ్లీ మొదటినుంచి నేర్పడం మొదలుపెట్టింది. ఒక్క ఇంటికి తను చేయగలిగింది అంతే.

అప్పుడే పెట్టెలకు కొత్త సాఫ్ట్‌వేర్ కూడా వేశారు. సహచరి గానీ గుండిగ గానీ ఎంత ఆవిరి ఇస్తుందో చుక్కతో సహా తెలుసు కనుక, పనిదినాల్లో ఖాళీ వేళలో అంతకు మించి చెమ్మ కనబడితే ఎక్కడో నీళ్లు కారుతున్నట్టు, లేదా ఎవరో దూరినట్టు. వెంటనే ఇంటి యజమాని ఫోనుకు హెచ్చరిక వెళుతుంది. 906 నంబరు ఇంటికి నమోదైన ఫోను గౌరునాయుడిది.

రత్నం ఉద్యోగం ఖాయమైంది. ఆ కాగితం ఇంటికి తెచ్చిన రోజు గౌరునాయుడు మిఠాయి తెచ్చాడు. ఏడాది తిరిగొచ్చింది. మళ్లీ అక్టోబరు, అదే వాన. ఒక గురువారం ఆమెకు జ్వరం తగిలింది. నూట రెండు. ఉద్యోగం ఖాయమయ్యాక పెట్టిన మొదటి సెలవు. గౌరునాయుడు నుదురు ముట్టుకుని చూశాడు, లేవద్దని చెప్పాడు, సాయంత్రం వచ్చేటప్పుడు మాత్రలు తెస్తానన్నాడు. చెప్పి తొమ్మిదిన్నరకు వెళ్లాడు. తొమ్మిదింబావుకే ఆమె లేచి, అలవాటుకొద్దీ, గుండిగ నింపేసింది.

పన్నెండు దాకా నిద్రా మెలకువా కాని స్థితి. తరవాత ఒళ్లంతా చెమట పట్టి జ్వరం దిగింది. వేడినీళ్లు పోసుకుంది. జావ కాచుకుంది. తడిసిన దుప్పటి హాల్లో ఆరేసింది. గుండిగ వంటింట్లో తన పాటికి తను మరుగుతోంది. రెండు కావస్తుండగా స్టవ్ వేడి దానంతట అదే తగ్గింది. ఆమె కూడా పక్క మీద వాలింది. మోచెయ్యి ఆనించిందో లేదో ఫోన్ మోగింది.

"రత్నం, పెట్టెనుంచి మెసేజ్ వచ్చింది," అన్నాడు గౌరునాయుడు. గొంతులో ఆందోళన. "ఖాళీ వేళలో ఇంట్లో ఎవరో ఉన్నారంట."

"నేనున్నాను కదా."

"నువ్వు సరేలే. ఇంకెవరున్నారో చూడు. తలుపు గడియ పెట్టావా?"

ఆమె లేచింది. దుప్పటి భుజాన వేసుకుని హాల్లోకి వచ్చింది. ఎవరూ లేరు. బాత్రూములోనూ లేరు. వంటింటి మూల చెమ్మపెట్టె మీద ఎప్పుడూ పచ్చగా ఉండే దీపం ఎర్రగా వెలిగి ఆరుతోంది. కింద చిన్న తెరమీద రెండు ముక్కలు. అదనపు చెమ్మ. మూలం తెలియదు. పది నుంచి ఐదు మధ్య ఆ ఇంట్లో ఒకరున్నట్టు ఎవరైనా కనిపెట్టడం అదే మొదటిసారి.

ఫోన్లో అతను ఇంకా అడుగుతూనే ఉన్నాడు. ఎవరున్నారు రత్నం, ఉన్నారా లేరా. ఎవరూ లేరన్న మాట నాలుక మీదికి వచ్చేసింది, ఇన్నేళ్ల అలవాటు. ఆమె చెయ్యి చాపి గుండిగ కింద స్టవ్ ఆపేసింది. మరుగు చప్పుడు నిదానంగా అణిగింది.

"ఉన్నారండీ," అంది. "సాయంత్రం రండి."